కొబ్బరి మోడుతో పాటు కూలిన రెండు రామచిలుక పిల్లలు: చేతి మేత నుంచి విడుదల దాకా ఒక కేసు

ఫిబ్రవరి మూడో వారం. కోనసీమలో అంబాజీపేట వైపు ఒక కొబ్బరి తోటలో మొవ్వు కుళ్లి చచ్చిన చెట్టు మోడును కొట్టేశారు. ఇరవై అడుగుల ఎత్తున ఉన్న తొర్ర నేలకు తగలగానే రెండుగా చీలింది. లోపల మూడు రామచిలుక పిల్లలు. ఒకటి అక్కడికక్కడే పోయింది. మిగతా రెంటినీ తోటవాళ్లు ఇంటికి తెచ్చి, చేటలో గుడ్డ పరిచి, పాలు కలిపిన మెత్తటి అన్నం వేలితో పెట్టారు. మూడో రోజు పొద్దున అటవీ సిబ్బంది ద్వారా అవి మా సంరక్షణకు వచ్చాయి.

కూలిన రోజే కబురు అంది ఉంటే ఈ కేసు ఉండేది కాదు. చీలిన మోడు ముక్కను తాడుతో బిగించో, అడుగున్నర లోతు చెక్కపెట్టె కట్టో, పక్క చెట్టుకు అదే ఎత్తున తగిలించి పిల్లల్ని అందులో పెడితే తల్లీతండ్రీ పిల్లల అరుపు విని తిరిగి రావడానికి మంచి అవకాశం ఉంటుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్న మాట చిలకల విషయంలో నిజం కాదు. కానీ ఇక్కడ రెండు రోజులు గడిచిపోయాయి, మోడు ముక్కలు అడితికి వెళ్లిపోయాయి. మర్నాడు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా తోటలో కాపు కాసినా జంట జాడ లేదు. చిన్న పిల్ల ఉన్న స్థితిలో దాన్ని చెట్టు మీద వదలడం కుదిరే పని కూడా కాదు. అందుకే చేతి మేత.

చట్టం మాట ఇక్కడే చెప్పుకోవాలి. రామచిలుకను పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్లో ఉంది. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా అదే. దొరికిన పిల్లను జాలితో ఇంట్లో ఉంచుకున్నా చట్టం ముందు అది పెంపకమే. కాబట్టి దొరికిన రోజే అటవీశాఖకు చెప్పాలి. కింద రాసిన ప్రతి పనీ విడుదలను దృష్టిలో పెట్టుకుని చేసినది. పంజరం కోసం ఇందులో ఏదీ లేదు.

వచ్చినప్పటి స్థితి

చిలక గుడ్లన్నీ ఒకే రోజు పిగలవు. మొదటి గుడ్ల నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి పిల్లల మధ్య రోజుల తేడా ఉంటుంది. ఈ రెంటికీ మూడు నాలుగు రోజుల తేడా కనిపించింది. పెద్దదానికి రెక్కల మీద ఈకల ముళ్లు బాగా పొడుచుకొచ్చాయి. వయసు సుమారు 17 రోజులు, బరువు 78 గ్రాములు. చిన్నదానికి కళ్లు పూర్తిగా తెరుచుకున్నా రెక్కల అంచున ముళ్లు అప్పుడే కనిపిస్తున్నాయి. సుమారు 14 రోజులు, 51 గ్రాములు. రెండూ వయసుకు తక్కువ బరువే.

పెద్దదాని చర్మం ఎండి ముడతలు పడి ఉంది, మేతసంచి ఖాళీ. (మెడ కింద, రొమ్ముకు పైన ఉండే ఈ సంచిని కోళ్ల వాళ్లు క్రాప్ అంటారు. ఇక్కడ మేతసంచి అనే రాస్తున్నాం.) అంటే దానికి తిండి సరిగ్గా అందలేదు, నీరు తగ్గింది. చిన్నదాని మేతసంచి నిండుగా, పిండిముద్దలా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నోటి దగ్గర పులిసిన పాల వాసన. కాలివేళ్లు చల్లగా, తెల్లబోయి ఉన్నాయి. కుడికాలు కొద్దిగా పక్కకు జారుతోంది.

రెంటిలో ప్రమాదంలో ఉన్నది కడుపు నిండినట్టు కనిపించే చిన్నదే. పక్షులకు పాలలోని చక్కెరను అరిగించుకునే ఎంజైమ్ ఉండదు. ఆ పాలు మేతసంచిలోనే పులుస్తాయి, పేగులో విరేచనం తెస్తాయి. అన్నంలో ఎదిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు, కాల్షియం లేవు. వాటికి తోడు పిల్ల ఒళ్లు చల్లబడితే పేగు కదలిక మందగిస్తుంది, పెట్టింది పెట్టినట్టే నిలిచిపోతుంది.

ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే మేత

ఈ వరుస తప్పితే పిల్ల దక్కదు. చల్లబడిన పిల్లకు మేత పెట్టడం మంట లేని పొయ్యి మీద ఎసరు పెట్టడమే.

గూడుగా 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్బు వాడాం. మూతకు సగం కోసి జాలీ బిగించి, జాలీకి పైన ఒక మూలకు 40 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు పెట్టాం. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ ఇందుకు చాలినంత వేడి ఇవ్వదు. గుడ్లు పొదిగించే పెట్టెలకు వాడే చిన్న ఉష్ణోగ్రత కంట్రోలరు బల్బుకు కలిపాం, దాని సెన్సరు పిల్ల వీపు ఎత్తున ఉండాలి. మూత దగ్గర వేలాడదీస్తే పైన 33 చూపిస్తున్నా కింద పిల్ల దగ్గర 29 ఉంటుంది. బల్బు ఒక మూలకే ఉంచింది పిల్లకు వేడి ఎక్కువైతే పక్కకు జరగడానికి. ముక్కు తెరిచి, రెక్కలు ఎడం చేసి రొప్పుతుంటే వేడి ఎక్కువ. ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతుంటే తక్కువ. మీటరు కన్నా ముందు ఈ రెండూ చూడాలి.

ఈ వయసుకు 33 డిగ్రీలతో మొదలుపెట్టి, ఈకలు కమ్ముకొచ్చే కొద్దీ వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ వచ్చాం. ఒంటినిండా ఈకలు వచ్చాక గోదావరి డెల్టా వేడికి బల్బు అక్కర్లేదు.

తేమ విషయంలో ఇక్కడివాళ్లు పొరబడేది ఒకటుంది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువే కదా, పెట్టెలో వేరే ఎందుకు అనుకుంటాం. రాత్రి 21 డిగ్రీల్లో 85 శాతం తేమ ఉన్న గాలినే పెట్టెలో 33 డిగ్రీలకు వేడి చేస్తే అది 42 శాతానికి పడిపోతుంది. నీరు అంతే ఉంటుంది, వేడెక్కిన గాలికి పట్టే శక్తి పెరుగుతుంది. పిల్ల చర్మం ఎండేది అందుకే. జాలీ మూత ఉన్న చిన్న డబ్బాలో తడి స్పాంజి పెడితే 55–60 దగ్గర నిలబడింది.

అడుగున న్యూస్ పేపరు పరచకూడదు. కాళ్లు జారి తొడలు పక్కలకు విచ్చుకుపోతాయి. కుండ కింద పెట్టే చుట్టకుదురు లాగా పాత తువ్వాలు చుట్టి, దాని మధ్య గుంటలో టిష్యూ పేపరు పరిచాం. తొర్రలో పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నట్టే ఇందులోనూ కాళ్లు ఒంటి కిందకు వస్తాయి. టిష్యూ రెట్ట పడినప్పుడల్లా మార్చాలి. కొబ్బరి పొట్టు దగ్గర దొరుకుతుంది గానీ పిల్లలు మింగేస్తాయి, బూజు కూడా పడుతుంది.

ఇక చీమలు. మేత వాసనకు రాత్రికి రాత్రే ఎర్రచీమలు బారులు తీరతాయి, కదలలేని పిల్లను కళ్ల దగ్గర, ముక్కు దగ్గర కొరికేస్తాయి. వంటింటి బీరువా కాళ్లకు పెట్టినట్టే, టబ్బు పెట్టిన స్టూలు నాలుగు కాళ్లకూ నీళ్ల గిన్నెలు పెట్టి, స్టూలు గోడకు తగలకుండా జరిపాం. చీమల మందు పొడి పెట్టె దగ్గరకు రాకూడదు.

వెచ్చబడ్డాక, అంటే ముప్పావు గంటకు కాలివేళ్లు గులాబీ రంగుకు వచ్చాక, పశువైద్యుడు తొడ మడత దగ్గర చర్మం కిందకు వెచ్చటి రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి లవణ ద్రవం) ఇచ్చారు. బరువులో 5 శాతం లెక్కన పెద్దదానికి 4 మి.లీ., చిన్నదానికి 2.5 మి.లీ. ఇది ఇంట్లో చేసే పని కాదు. వైద్యుడు అందుబాటులో లేకపోతే, పిల్ల తల నిలబెట్టగలుగుతుంటే, ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద చెప్పిన దానికి రెట్టింపు నీళ్లలో కలిపి గోరువెచ్చగా నోటి ద్వారా ఇవ్వవచ్చు.

చిన్నదాని మేతసంచిలో ఉన్న అన్నం ముద్దను తలకిందులుగా పట్టుకుని కక్కించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. అది శ్వాసనాళంలోకి పోతుంది, నిమిషాల్లో పిల్ల చస్తుంది. 1.5 మి.లీ. వెచ్చటి నీళ్లు తాగించి, పిల్ల నిలువుగా ఉండగానే బొటనవేలు, చూపుడువేలు మధ్య ముద్దను మెత్తగా పిసికి, రెండు గంటలు ఆగి మళ్లీ అదే చేశాం. మూడో విడతకు ముద్ద విడిపోయి జావలా అయింది. మధ్యాహ్నానికి దిగింది. ఆ తర్వాతే మొదటి మేత.

మేత

చిలక పిల్లల కోసం తయారుచేసిన చేతిమేత పొడే వాడాం. కైటీ ఎగ్జాక్ట్, న్యూట్రిబర్డ్ ఎ21 లాంటివి పెంపుడు పక్షుల దుకాణాల్లో దొరుకుతాయి. మాంసకృత్తులు 20 శాతం పైన ఉన్నది చూసుకోవాలి. డబ్బా తెరిచాక మన తేమకు పొడి త్వరగా పాడవుతుంది కాబట్టి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి, మిగతాది ఫ్రిజ్‌లో గాలి తగలకుండా పెట్టాలి. విడిపొడి కొనవద్దు.

పొడి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ మధ్య కాలానికి రెండు చెంచాల పుట్నాల పిండి, ఒక చెంచా రాగి జావ, ఉడికించిన గుడ్డు పచ్చసొన పావు వంతు, ఉడికిన గుమ్మడి ముక్క కలిపి మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టి పెట్టాం. ఇది ఒకటి రెండు రోజులు ప్రాణం నిలపడానికే. వారాల తరబడి ఇదే పెడితే కాల్షియం చాలక ఎముకలు వంగుతాయి. వేరుశనగ జోలికి వెళ్లవద్దు. మన తేమలో దానికి పట్టే బూజు విషం పిల్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

నీళ్లు కాచి చల్లార్చినవి. అయితే సముద్రానికి దగ్గరి మండలాల్లో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాస్తే ఆ ఉప్పు పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట టిన్ను నీళ్లే కాచి వాడాలి.

కలిపే పాళ్లు చెంచాలతో కాకుండా తూకంతో చూడాలి. మొదటి రెండు మేతలు పలచగా, ఒక వంతు పొడికి ఐదు వంతుల నీళ్లు. తర్వాత ఒకటికి మూడు. నాలుగో వారం దాటాక ఒకటికి రెండున్నర (ఇక్కడి నుంచి వారాలన్నీ పిల్ల వయసు లెక్కే). కలిపిన వెంటనే పలచగా ఉన్నట్టు కనిపిస్తుంది, రెండు మూడు నిమిషాలకు చిక్కబడుతుంది. ఆగి చూసి అప్పుడు సరిచేయాలి. ముందే ఇంకో చెంచా పొడి వేస్తే మేతసంచిలో గట్టిపడి కూర్చుంటుంది.

వేడి 39 నుంచి 41 డిగ్రీల మధ్య. వేలు పెట్టి చూసే లెక్క పనికిరాదు, థర్మామీటరు ఉండాల్సిందే. 38 కన్నా తగ్గితే పిల్ల నోట్లోంచి తోసేస్తుంది, తిన్నా అరుగుదల నెమ్మదిస్తుంది. 44 దాటితే మేతసంచి లోపల కాలుతుంది. ఆ సంగతి ఆ రోజు తెలియదు. నాలుగైదు రోజుల తర్వాత మెడ కింద ఎర్రగా మారి, పొక్కు కట్టి, చివరికి చిల్లు పడి పెట్టిన మేత రొమ్ము మీదకు కారుతుంది. అప్పుడు శస్త్రచికిత్స తప్ప దారి ఉండదు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మధ్యలో ఒకచోట సలసల, అంచున చల్లగా ఉంటుంది, కాబట్టి అది వద్దు. స్టీలు గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, బాగా కలిపి, కొలిచి, సిరంజిల్లోకి తీశాం. చిన్న సిరంజిలో మేత ఇట్టే చల్లారుతుంది. అందుకని నింపిన సిరంజిలను 41 డిగ్రీల నీళ్ల చెంబులో నిలబెట్టి ఒక్కొక్కటీ తీసి వాడాం.

పూటకు పిల్ల బరువులో పదో వంతు. 78 గ్రాముల దానికి 7.5 మి.లీ., 51 గ్రాముల దానికి 5 మి.లీ. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10.30. రాత్రంతా లేచి పెట్టాల్సిన వయసు కాదిది. పైగా రోజులో ఒకసారైనా మేతసంచి పూర్తిగా ఖాళీ అయితీరాలి. నాలుగో వారంలో నాలుగు పూటలు, ఐదో వారంలో మూడు, ఆరు దాటాక రెండు.

పట్టుకునే తీరు

తువ్వాలు పరిచిన బల్ల మీద పిల్లను నిలబెట్టాలి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ముక్కుకు రెండు పక్కలా, దవడ మూలల దగ్గర ఆనించాలి. అక్కడ తాకగానే పిల్ల తల పైకీ కిందకీ ఊపుతూ గుటకలు వేయడం మొదలుపెడుతుంది. తొర్రలో తల్లి ముక్కుతో పట్టుకున్నప్పుడు చేసేది కూడా ఇదే. ఆ ఊపు ఉన్నంతసేపూ శ్వాసనాళం మూసుకుని ఉంటుంది. ఊపు లేకుండా నోట్లో ఒక్క చుక్క వదిలినా అది ఊపిరితిత్తుల దారి పట్టవచ్చు.

సూది తీసిన సిరంజి కొనను పిల్లకు ఎడమ పక్క మూల నుంచి పెట్టి దాని కుడి వైపుకు చూపించాలి. ఆహారనాళం మెడకు కుడి పక్కగా మేతసంచిలోకి దిగుతుంది, శ్వాసనాళం ద్వారం నాలుక వెనక నడిమధ్యలో ఉంటుంది. గుటక పడే లయకు తగ్గట్టు ఒత్తాలి. పిల్ల ఆగితే చెయ్యీ ఆగాలి. మేతసంచి నిండే కొద్దీ చర్మం బిగుసుకుంటుంది. వేలితో తాకితే సగం గాలి తీసిన బెలూను లాగా ఉండాలి, మెరుస్తూ బిగుసుకోకూడదు. ముక్కురంధ్రాల్లోంచి మేత బుడగ వచ్చినా, పిల్ల తుమ్మినా, ఊపిరితో పాటు టిక్ టిక్ మన్నా వెంటనే ఆపి, ముక్కు తుడిచి, తల కాస్త ముందుకు వంచి వదిలేయాలి. ఆ పూట మళ్లీ పెట్టవద్దు. తోకతో ఊపిరి తీస్తున్నట్టు కదలిక కనబడితే వైద్యుడి దగ్గరకు అదే గంటలో వెళ్లాలి.

సిరంజికి సైకిల్ వాల్వు ట్యూబు తొడిగి నేరుగా మేతసంచిలోకి దించే పద్ధతి పెంపకందార్లలో ఉంది. పని త్వరగా అవుతుంది, కానీ ట్యూబు జారి పిల్ల మింగేసిన కేసులు వైద్యుల దగ్గరకు వస్తూనే ఉంటాయి. రెండు పిల్లల కోసం ఆ తొందర దేనికి? చేతికి సిరంజి అలవాటు లేనివాళ్లు చిన్న స్టీలు చెంచా అంచులు రెండూ లోపలికి వంచి దోనెలా చేసుకుంటే సరిపోతుంది. నెమ్మదిగా సాగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే భయం తక్కువ.

తిన్నాక ముక్కు, గడ్డం తడి గుడ్డతో తుడవాలి. ఎండిన మేత గట్టిపడితే లేత ముక్కు వంకర పోతుంది. ఏ పిల్ల సిరంజి దానికే. వాడాక కడిగి, మరిగించిన నీళ్లలో వేసి, ఆరబెట్టాలి. మిగిలిన మేత పారేయాల్సిందే, ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడి చేయడం లేదు. చూసుకునే మనిషి కూడా ప్రతి పూటా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, రెట్ట శుభ్రం చేసేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. చిలకల నుంచి మనుషులకు వచ్చే సిట్టకోసిస్ న్యుమోనియా తెస్తుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరే ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

ఆరో రోజు

రోజూ పొద్దున మొదటి మేతకు ముందు, మేతసంచి ఖాళీగా ఉండగా, ఒక గ్రాము చూపించే వంటింటి తూకం మీద బరువు రాశాం. మొదటి రోజు 78, 51. రెండో రోజు 77, 52. నాలుగో రోజు 84, 57. ఆరో రోజు 91, 64. ఏడో రోజు 96, 61.

ఆ 61 దగ్గర ఆగి చూడాలి. ఐదో రోజు అర్ధరాత్రి దాటాక 1.40కి కరెంటు పోయింది, 4.50కి వచ్చింది. ఇన్వర్టరు ఉంది గానీ బల్బు తీగ దాని ప్లగ్గుకు కలపలేదు. పెట్టెలో ఉష్ణోగ్రత 33 నుంచి 26కు దిగింది. పెద్దదానికి అప్పటికే ఈకల ముళ్లు విచ్చుకుంటున్నాయి, తట్టుకుంది. చిన్నది చల్లబడింది. ఆరు గంటలకు బరువు చూసి, 64 రాగానే బాగా పెరిగిందని రాసుకుని, మేతసంచి చేత్తో తడమకుండా మామూలు కొలతే పెట్టారు. ఆ బరువులో రాత్రి 10.30 నాటి మేత మూడు గ్రాముల దాకా అరగకుండా ఉంది. సంరక్షణలో జరిగిన తప్పు ఇది. కరెంటు పోవడం కన్నా, తడమకుండా పెట్టడమే పిల్లను దెబ్బతీసింది.

పది గంటలకు మేతసంచి అలాగే ఉంది. రెండింటికి వాసన మొదలైంది, చర్మం మీద సన్నటి ఎర్రదనం, పిల్ల నోరు తెరవలేదు. పాత మేత మీద కొత్త మేత పడితే మొత్తం పాతదే అవుతుంది. మేతసంచి వెచ్చగా, తడిగా, పిండిపదార్థంతో నిండి ఉంటుంది. ఈస్టుకు (పిండిని పులియబెట్టే శిలీంధ్రం) అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? అది పులిసే కొద్దీ వచ్చే ఆమ్లం, వాయువు కదలికను ఇంకా మందగింపజేస్తాయి.

వైద్యుడు మెత్తటి గొట్టంతో మూడు మి.లీ. పులిసిన మేత తీసి, వెచ్చటి సెలైన్‌తో కడిగారు. తీసిన దాంట్లో ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెడితే మొగ్గలు తొడిగిన ఈస్టు గుంపులు గుంపులుగా కనిపించింది. నోట్లో నాలుక అంచున తెల్లటి మచ్చలు రెండు. ఈస్టును చంపే మందు నిస్టాటిన్ చుక్కలు కిలో బరువుకు మూడు లక్షల యూనిట్ల లెక్కన రాశారు. మి.లీ.కు లక్ష యూనిట్లున్న మందు కాబట్టి 61 గ్రాముల పిల్లకు పూటకు 0.18 మి.లీ., రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఈ మందు రక్తంలోకి పెద్దగా పోదు, తగిలిన చోటే పనిచేస్తుంది. అందుకే మేతకు ముందు, ఖాళీ నోట్లో, మచ్చల మీద పడేలా ఇవ్వాలి. మేతలో కలిపితే పలచబడిపోతుంది.

మేత ఒకటికి ఐదు పాళ్లకు పలచన చేసి, పూటకు 3 మి.లీ., మూడు గంటలకొకసారి. ప్రతిసారీ ముందు తడిమి చూడటం. పెట్టె 34 డిగ్రీలు. మూడు రోజులకు మేతసంచి సమయానికి ఖాళీ కావడం మొదలైంది, బరువు తొమ్మిదో రోజుకు మళ్లీ 64. ఆ రోజు నుంచి తూకం పుస్తకంలో ఇంకో గడి చేరింది: మేతసంచి ఖాళీ, సగం, నిండు. అది నింపకుండా సిరంజి తీయకూడదన్నది నియమం. బల్బు తీగ ఇన్వర్టరుకే. అది కూడా ఆగితే వాడటానికి తువ్వాలు చుట్టిన రెండు లీటరు సీసాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు పక్కనే.

చిన్నదాని కుడికాలు గురించి ఇక్కడే చెప్పేస్తే సరి. రెండు కాళ్లకూ మెత్తటి అంటుకునే వైద్య టేపుతో ఎనిమిది అంకె ఆకారంలో కట్టు వేసి, కాళ్ల మధ్య తుంటి వెడల్పంత ఎడం ఉంచాం. ప్రతిరోజూ విప్పి, వాపు చూసి, కొత్తది వేయడం. ఐదు రోజులకు కాలు ఒంటి కిందకు వచ్చింది. ఇది ఎముక లేతగా ఉండగానే పనిచేస్తుంది, ఈకలు నిండాక చేస్తే ఫలితం చాలా తక్కువ.

తిండి మార్పు

సంరక్షణకు వచ్చిన 14వ రోజుకు బరువులు 104, 88. 21వ రోజుకు 121, 109. పెద్దది 124 దగ్గర ఆగింది.

ఐదో వారం దాటాక పిల్ల మేతను తోసేయడం, సిరంజిని కొరకడం మొదలుపెడుతుంది. జబ్బు అనుకుని బలవంతంగా పెట్టకూడదు. రెక్కలు ఆడించే రోజుల్లో ఒళ్లు తేలికపరచుకోవడం వాటి స్వభావం, శిఖర బరువులో పదో వంతు దాకా తగ్గవచ్చు. పెద్దది 113కి దిగి అక్కడ నిలబడింది. పదిహేను శాతం తగ్గితే మాత్రం పూట మేత మళ్లీ కలపాలి.

పెట్టింది మన చుట్టూ పండేదే, చిలక బయట ఎలా తింటుందో అలాగే: కాడతో సహా పాలు పట్టిన వరి కంకులు, సజ్జ కంకి, లేత మొక్కజొన్న పొత్తు, పెసల మొలకలు, జామ, పచ్చి చింతకాయ, మునగాకు, పచ్చిమిరప. పక్షులకు కారం తెలియదు, మిరపగింజలు ఇష్టంగా తింటాయి. కంకులు పురుగుమందు కొట్టని మడి నుంచే తేవాలి, అడిగి తెలుసుకోవాలి. ముక్కలు కోసి గిన్నెలో వేయకుండా కొమ్మకు కట్టి వేలాడదీశాం. తలకిందులుగా వేలాడుతూ ఒలుచుకోవడం రాకపోతే తోటలో బతకలేదు. మొలకలు పులుస్తాయి కాబట్టి మూడు గంటలకొకసారి తీసేయాలి. అన్నం, బిస్కెట్లు, ఉప్పు తగిలినవి ఏవీ లేవు.

చేతిమేత పూర్తిగా ఆపింది తొమ్మిదో వారంలో. అంతకు ముందు వారం రోజులు సొంతంగా తిన్న తిండితోనే బరువు కదలకుండా ఉంది. పగటి మేత ముందు ఆపి, రాత్రి పడుకోబోయే ముందు మేత చివర ఆపాలి.

ఇంతకాలంలో వాటికి పేర్లు పెట్టలేదు, మాట్లాడలేదు. ఐదో వారం నుంచి మేత పెట్టే చెయ్యి తప్ప మనిషి కనబడకుండా తెర కట్టాం. రెండు పిల్లలు కలిసి ఉండటం ఈ కేసులో పెద్ద అదృష్టం. ఒంటరిగా పెరిగిన పిల్ల మనిషినే తన జాతి అనుకుంటుంది. అలాంటిది విడుదలయ్యాక ఎవరి భుజం మీదో వాలి మళ్లీ పంజరంలోకి పోతుంది. చూడవచ్చినవాళ్లు "రామరామ అనడం నేర్పండి" అని ముచ్చటగా అడుగుతారు. ఆ ముచ్చట తీరిస్తే ఈ పిల్లలకు తోట దక్కదు. రెక్క ఈకలు కత్తిరించడం కూడా అలాంటిదే. మళ్లీ ఈక మారి వచ్చే దాకా నెలలు పోతాయి, ఆలోగా ఎగరడానికి కావలసిన కండ ఉండదు.

విడుదల

12 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు, అరంగుళం కన్ను జాలీతో ఎగిరే పంజరం. అడుగున ఎలుకలు, జెర్రిపోతులు దూరకుండా జాలీని అడుగు లోతు పాతాం. పైన సగం తాటాకు కప్పు, సగం ఎండా వానా తగిలేలా ఖాళీ. సూర్యరశ్మి నేరుగా ఒంటికి తగలాలి. గాజు అద్దం వెనక ఎండలో విటమిన్ డి3 తయారవదు. పద్దెనిమిది రోజులు అక్కడ. రెండు చివర్ల మధ్య ఆగకుండా పది సార్లు తిరిగి, నోరు తెరవకుండా వాలగలగడం, మనిషి దగ్గరకు వస్తే అరిచి దూరం జరగడం, ఈ రెండూ వచ్చాకే అటవీ అధికారికి తెలియజేశాం.

చోటు, కాలం చూసుకున్నాం. దాళ్వా (రెండో పంట వరి) కోతలు సాగుతున్నాయి, చేలల్లో గింజ రాలి ఉంది. సాయంత్రాలు చిలకల గుంపులు వచ్చి వాలే కొబ్బరి తోట పక్కనే పంజరం ఉంది, వీటి అరుపులకు అవి బదులు పలుకుతున్నాయి. ఏప్రిల్ చివర్లో, గాలీ మబ్బూ లేని ఒక పొద్దున ఆరున్నరకు తలుపు తీసి అందరూ తప్పుకున్నారు. బరువులు 118, 112.

పెద్దది పది నిమిషాలకే పోయింది. చిన్నది పంజరం కప్పు మీద నలభై నిమిషాలు కూర్చుని, కిందకు దిగి మొక్కజొన్న తిని, మళ్లీ పైకెక్కి, అప్పుడు తోటలోకి ఎగిరింది. తలుపు తెరిచే ఉంచి, కప్పు మీద కంకులు కడుతూ వచ్చాం. మొదటి వారం రోజూ, తర్వాత రోజు విడిచి రోజు. చిన్నది తొమ్మిది రోజులు వచ్చి తిన్నది. పెద్దది రెండు సార్లే కనిపించింది, రెండోసారి గుంపుతో. పన్నెండో రోజున కట్టిన కంకి సాయంత్రానికి ముట్టకుండా ఉంది, దాన్ని విప్పేశాం.

తోటవాళ్లతో మాట్లాడి అదే ఊళ్లో మిగిలిన మోడులు చూశాం. పదకొండింట్లో మూడింటికి తొర్రలున్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మోడు కొట్టే ముందు కొబ్బరికాయలు దింపే కార్మికుడు ఎక్కి తొర్ర అంచు చూడాలి. పీచు కొత్తగా కొరికి లేత రంగు కనబడితే లోపల కాపురం ఉన్నట్టే. ఆ మూడింటినీ జూన్ దాకా ఆపడానికి వాళ్లు ఒప్పుకున్నారు.